పెద్దపేగు కాన్సర్ కణాల మీద ఫ్యాటీ యాసిడ్స్ టెస్ట్ చేసేటప్పుడు

కొవ్వు నీళ్లలో కలవదు, ఈ ఎక్స్‌పెరిమెంట్‌లో చాలా తప్పులు అక్కడే మొదలవుతాయి. పాల్మిటేట్ అనే ఫ్యాటీ యాసిడ్‌ని తిన్నగా మీడియాలో (కణాల్ని పెంచే ద్రవంలో) పోస్తే తెల్లగా గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది, డోసు ఎక్కువైతే సబ్బులాగా కణం పొరనే చీల్చేస్తుంది, మనమేమో ఫ్యాటీ యాసిడ్ కాన్సర్ కణాల్ని చంపేసింది అని నోట్‌బుక్‌లో రాసేసుకుంటాం.

మన రక్తంలో కూడా విడి ఫ్యాటీ యాసిడ్ ఒంటరిగా తిరగదు, ఎక్కువగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అంటుకునే వెళ్తుంది. అందుకే ముందుగా ఫ్యాటీ యాసిడ్స్ తీసేసిన బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్) తెచ్చుకోండి. సోడియం పాల్మిటేట్‌ని నీళ్లలో 70 డిగ్రీల దగ్గర కరిగించి, 37 డిగ్రీల్లో ఉన్న బీఎస్ఏలోకి కొంచెం కొంచెంగా కలపాలి (బీఎస్ఏని కూడా 70కి వేడి చేశారంటే ప్రొటీన్ పాడైపోతుంది, జాగ్రత్త). కంట్రోల్ వెల్స్‌కి (పోలిక కోసం ఫ్యాటీ యాసిడ్ వెయ్యకుండా ఉంచిన ప్లేట్ గుంటలకి) కూడా అంతే బీఎస్ఏ వెయ్యాలి, ఇథనాల్ వాడితే అదీ సమానంగానే. ఇంకోటి, మీడియాలో కలిపే సీరమ్‌లో (రక్తం నుంచి తీసిన ద్రవంలో) కూడా ఆల్బుమిన్ ఉండి ఫ్యాటీ యాసిడ్‌ని పట్టేసుకుంటుంది కాబట్టి 10 శాతం సీరమ్‌లో 100 మైక్రోమోలార్ చేసే పని వేరు, 2 శాతంలో అదే 100 చేసే పని వేరు, ఎంత సీరమ్ వాడారో తప్పకుండా రాసుకోండి.

డీహెచ్ఏ, ఈపీఏలతో (చేప నూనెలో ఉండే ఒమేగా-3 ఫ్యాటీ యాసిడ్స్‌తో) అసలు తలనొప్పి గాలి. డీహెచ్ఏలో ఆరు డబుల్ బాండ్స్ ఉంటాయి, ఆక్సిజన్ తగిలితే ఇట్టే పాడవుతుంది. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, పైన నైట్రోజన్ నింపి, వెలుతురు తగలకుండా మైనస్ 80లో పెట్టండి. దీన్ని ఇంతగా పట్టించుకోమనడానికి కారణం ఏంటంటే, డీహెచ్ఏ ఈ కణాల్ని చంపే దారుల్లో ఒకటి కణం లోపలి కొవ్వు ఆక్సిడైజ్ అవ్వడమే, మరి సీసాలోనే ఆక్సిడైజ్ అయిపోయిన మందు పోస్తే మీరు కొలిచింది దేన్ని? అందుకే కొన్ని వెల్స్‌లో విటమిన్ ఈ కలపండి, దాంతో కణాలు బతికాయంటే పని చేస్తున్నది ఆక్సిడేషన్ దారే.

ఇంకో దారి కాక్స్-2 అనే ఎంజైమ్. దీని వల్ల అరాకిడోనిక్ యాసిడ్ అనే ఇంకో ఫ్యాటీ యాసిడ్ నుంచి పీజీఈ2 అనే సిగ్నల్ పదార్థం తయారవుతుంది, అది కణాల్ని పెరగమని తోస్తుంది, ఈపీఏ వచ్చి ఎంజైమ్‌లో అరాకిడోనిక్ యాసిడ్ చోటు కోసం పోటీ పడుతుంది. పెద్దపేగు కాన్సర్ సెల్ లైన్లలో (ల్యాబ్‌లో పెంచే కణాల రకాల్లో) హెచ్‌టీ-29లో కాక్స్-2 ఉంటుంది, హెచ్‌సీటీ-116లో ఉండదు, రెండూ పక్కపక్కనే పెడితే ఆ దారి నిజంగా అవసరమో కాదో తెలిసిపోతుంది. ఒక్క సెల్ లైన్‌తో రిజల్ట్ చెప్పడం నాకైతే అస్సలు నచ్చదు.

బ్యూటిరేట్ అనే చిన్న ఫ్యాటీ యాసిడ్‌కి ఈ బీఎస్ఏ గోల ఉండదు, నీళ్లలోనే కరుగుతుంది, డోసు కూడా మిల్లీమోలార్లలో ఉంటుంది. మనం తిన్న పీచుని పేగులోని బ్యాక్టీరియా పులియబెడితే వచ్చేది ఇదే. మామూలు పేగు కణాలు దీన్ని ఇంధనంగా కాల్చుకుంటాయి, కాన్సర్ కణాలు గ్లూకోజ్ మీద ఆధారపడతాయి కాబట్టి కాలని బ్యూటిరేట్ లోపల పేరుకుని హెచ్‌డీఏసీ ఎంజైమ్స్‌ని (జీన్స్‌ని అణిచిపెట్టే వాటిని) అడ్డుకుంటుంది, విభజనకి బ్రేక్ వేసే పీ21 ప్రొటీన్ పెరుగుతుంది, విభజన ఆగుతుంది. అందుకని మీడియాలో గ్లూకోజ్ 25 మిల్లీమోలారా 5.5 ఆ అన్నది చూసుకోకుండా మొదలుపెట్టొద్దు.

కొలవడానికి అందరూ ఎంటీటీ (బతికున్న కణాలు రంగు తెప్పించే టెస్ట్) చేస్తారు, కానీ అది చూపించేది కణం మెటబాలిజాన్ని, కణాల సంఖ్యని కాదు. ఫ్యాటీ యాసిడ్స్ మైటోకాండ్రియానే మార్చేస్తాయి కాబట్టి రంగు తగ్గినంత మాత్రాన కణం చచ్చినట్టు కాదు. 24, 48, 72 గంటల దగ్గర ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే నీలం రంగు) వేసి లెక్కపెట్టండి, విసుగే కానీ తప్పదు.

కన్‌క్లూజన్‌లో ఏ లైన్, ఎంత డోసు, ఎన్ని గంటలు అన్నదే రాయండి, చేప నూనె కాన్సర్‌ని ఆపుతుంది అని మాత్రం రాయొద్దు, దయచేసి. వంశపారంపర్యంగా పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న గడ్డలు) వచ్చే వాళ్లకి రోజుకి 2 గ్రాముల ఈపీఏ ఆరు నెలలు ఇచ్చిన 2010 ట్రయల్‌లో ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోలిస్తే పాలిప్స్ దాదాపు 22 శాతం తగ్గాయి. అదే రోజుకి 2 గ్రాముల డోసు సీఫుడ్ అనే ట్రయల్‌లో వేరే రకం రోగులకి ఇస్తే, 2018లో వచ్చిన రిజల్ట్ ప్రకారం పాలిప్స్ వచ్చిన వాళ్ల శాతం తగ్గలేదు.