వైజాగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 4,400 కిలోమీటర్లేనా?

మా పై ఫ్లాట్ కుర్రాడు ఎక్సెల్‌లో లెక్కకట్టి తెచ్చాడు. వైజాగ్ ఎయిర్‌పోర్టు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుకి 4,400 కి.మీ. అట. "ఫార్ములా కరెక్టే అంకుల్, మూడుసార్లు చూశాను" అన్నాడు. నిజమే, ఫార్ములాలో తప్పు లేదు. కానీ అసలు దూరం దాదాపు 13,300.

సమస్య: దూరం మరీ తక్కువగా వస్తోంది.
ముందు మైనస్ గుర్తు చూడండి. వైజాగ్ అక్షాంశం 17.721, రేఖాంశం 83.224. శాన్‌ఫ్రాన్సిస్కో 37.619, మైనస్ 122.375. పశ్చిమ రేఖాంశానికీ, దక్షిణ అక్షాంశానికీ మైనస్ పెట్టాలి. మావాడు పెట్టలేదు. దాంతో అమెరికా వెళ్లాల్సిన విమానం చైనాలో వెయ్‌హై పక్కన సముద్రంలో దిగింది!

సమస్య: 20,000 దాటిపోయింది.
భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దగ్గరి దారి అందులో సగానికి మించదు. మించిందంటే భూమిని చపాతీలా పరిచి లెక్కేశారన్నమాట. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున పైథాగరస్ వాడితే ఇదే దూరం 22,900 పైన వస్తుంది. గోళానికి పనికొచ్చే హావర్‌సైన్ ఫార్ములా వాడండి. నమ్మకం కుదరకపోతే ఇంట్లో పిల్లల గ్లోబు తీసి, రెండు ఊళ్ల మీద కుట్టుదారం బిగించి పట్టుకోండి. దారం పసిఫిక్ మధ్యలోంచి పోదు. టిబెట్, మంగోలియా, సైబీరియా మీదుగా ఎక్కి, బేరింగ్ జలసంధి దాటి, అలాస్కా మీంచి కిందికి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేనూ దారం జారిందేమో అనుకున్నాను.

సమస్య: హైదరాబాద్ కూడా 2,800 పైనే చూపిస్తోంది.
ఎక్సెల్‌కి డిగ్రీలు అర్థం కావు, రేడియన్లు (కోణాన్ని కొలిచే ఇంకో కొలమానం) కావాలి. సైన్, కాస్ లోపల ప్రతి కోణాన్నీ రేడియన్స్ ఫంక్షన్‌లో పెడితే హైదరాబాద్ తిరిగి 510 దగ్గరికి వస్తుంది.

సమస్య: పాతిక ముప్పై కిలోమీటర్ల తేడా.
17 డిగ్రీల 43 నిమిషాలను 17.43 అని కొట్టి ఉంటారు. 43ని 60తో భాగిస్తే 0.72, అంటే 17.72 అని రాయాలి. లేకపోతే మన ఎయిర్‌పోర్టు గంగవరం పోర్టు కూడా దాటి బంగాళాఖాతంలో తేలుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొంచెం తేడా మిగిలితే పట్టించుకోకండి. భూమి నిండు గోళం కాదు కాబట్టి అర శాతం దాకా అటూఇటూ అవుతుంది.

7,180 అనో 8,270 అనో వస్తే తప్పేం లేదు. మొదటిది నాటికల్ మైళ్లు, రెండోది మామూలు మైళ్లు. 1.852తో, 1.609తో గుణిస్తే కిలోమీటర్లు వచ్చేస్తాయి.

చివరగా, టికెట్ మీదున్న రూటుతో పోల్చి "ఇంకా తక్కువే వస్తోంది" అనేవాళ్లకి: మధ్యలో విమానం మారితే ఒక్కో ముక్కా విడిగా లెక్కేసి కలపాలి. ఢిల్లీలో మారితే 1,360, 12,380 కలిపి 13,740 అవుతుంది. ఆపైన గాలివాటం చూసుకుని, కొన్ని దేశాల గగనతలం తప్పించుకుని పైలట్లు తిరిగే చుట్టు ఎక్సెల్‌కి తెలియదు.