లిస్టెడ్ జార్జియన్ టౌన్‌హౌస్‌ను కాపురానికి అనువుగా మార్చేటప్పుడు: సమస్య - పరిష్కారం

లండన్, బాత్ లాంటి ఊళ్లలో 1714-1830 మధ్య, అంటే జార్జియన్ కాలంలో, కట్టిన వరుస ఇళ్లు (టౌన్‌హౌస్‌లు) సున్నంతో కట్టినవి. వాటి గోడలు తడిని పీల్చుకుంటాయి, మళ్లీ ఆరిపోతాయి. ఆ ఆరడానికి అడ్డం పడే పని ఏదైనా చివరికి చెమ్మగా తేలుతుంది.

ఇంగ్లండులో లిస్టింగ్, అంటే ఇంటిని చట్టం కాపాడే పాత కట్టడంగా నమోదు చేయడం, వీధి వైపు గోడకే కాదు, లోపలి మెట్లకూ, తలుపులకూ, గారకూ వర్తిస్తుంది. ఇంటి స్వరూపాన్ని మార్చే పని అనుమతి లేకుండా చేస్తే 1990 నాటి లిస్టెడ్ కట్టడాల చట్టం కింద నేరం. దరఖాస్తుకు ఫీజు లేదు కాబట్టి ముందే కౌన్సిల్‌ను అడగండి.

గోడ అడుగున చెమ్మ, పెయింటు పొక్కులు, తెల్లటి ఉప్పు

కారణం: కారే గట్టర్ (కప్పు అంచున వాననీటి కాలువ), పెరిగిపోయిన పెరటి మట్టం, ఇటుకల మధ్య సిమెంటు, లోపల ప్లాస్టిక్ పెయింటు. చెమ్మ మీటరును ఒక్కదాన్నే నమ్మకండి, గోడలో ఉప్పు ఉన్నా అది తడి అనే చూపిస్తుంది. ఆ రీడింగు చూసి గోడకు రసాయనం ఎక్కించుకుంటే డబ్బు దండగ.

పరిష్కారం: జోరువానలో బయట నిలబడి గట్టర్లు, గొట్టాలు చూడండి. ముందు అవి బాగుచేయాలి. తర్వాత బయటి నేలను లోపలి నేలకన్నా కనీసం 150 మి.మీ. కిందికి దించాలి. పునాదులు లోతు తక్కువ, తవ్వకం జాగ్రత్త. ఇటుకల మధ్య సిమెంటును సుత్తి, ఉలితో చేత్తోనే తీయాలి. ఇటుక అంచులు రాలుతుంటే ఆపేయండి, పాత సిమెంటుకన్నా విరిగిన ఇటుకే ఎక్కువ నష్టం. సందు వెడల్పుకు రెండింతల లోతు తీసి, సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి నింపాలి. 5 డిగ్రీల లోపు చలిలో ఈ పని వద్దు. తడి గోనెపట్టా కప్పి మెల్లగా ఆరనివ్వాలి. తడిసిన గోడ సుమారుగా నెలకు 25 మి.మీ. మందం చొప్పున ఆరుతుంది. 225 మి.మీ. గోడకు తొమ్మిది నెలలు పడుతుంది. అందాకా రంగు వేయొద్దు, ఆ తర్వాత సున్నమే వేయండి.

కొత్త బాత్‌రూమ్ కింద సీలింగు పగుళ్లు, నేల ఊగడం

కారణం: పైపుల కోసం దూలాలను అడ్డంగా కోయడం. రెండు గదులు కలపాలని మధ్య చెక్క గోడ తీసేసినా ఇదే జరుగుతుంది. పలచగా కనిపించే ఆ గోడే చాలా ఇళ్లలో పై అంతస్తును మోస్తుంది.

పరిష్కారం: బాత్‌రూమ్‌ను పాత మురుగు గొట్టం పక్కనే పెట్టి, పైపులను దూలాల వెంబడి నడపండి. కోయక తప్పకపోతే దూలం ఎత్తులో ఎనిమిదో వంతే, అంటే 200 మి.మీ. దూలానికి 25 మి.మీ. లోతు. అదీ దూలం నడిమధ్యలో కాదు, ఆనిన చివరకు దగ్గరగా. చెక్క గోడ తీసే ముందు పాత ఇళ్లు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. గోడంతా పడగొట్టకుండా వెడల్పాటి ద్వారం తెరిస్తే అనుమతి రావడమూ తేలికే, పాత గదుల ఆకారమూ మిగులుతుంది.

కిటికీల్లోంచి చలిగాలి

చట్రం మార్చకండి. పెయింటుతో అతుక్కున్న అంచును బ్లేడుతో విడదీసి, పైకీ కిందికీ జరిగే ఈ కిటికీ పలకలను మోసే తాళ్లు తెగితే మార్చి, అంచులకు బ్రష్ పట్టీలు బిగిస్తే చాలు. రోడ్డు రొద కూడా ఉంటే లోపలి వైపు 100 మి.మీ. ఎడంతో రెండో గాజు పెట్టించండి. పాత పెయింటులో సీసం ఉంటుంది. పొడిగా రుద్దొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.