కథ చెప్పడానికి వెళ్లే ముందు

ఫిల్మ్‌నగర్‌లో ఎవరికైనా కథ చెప్పే అవకాశం దొరికిందా? ముందు ఆ కథను పూర్తిగా కాగితం మీద పెట్టండి. మన దగ్గర నేరేషన్ నోటితోనే జరుగుతుంది కాబట్టి చాలామంది కొత్త రచయితలు ఒక్క ‘లైన్’ (ఒకటి రెండు వాక్యాల కథాంశం) పట్టుకుని వెళ్లిపోతారు. కాపీరైట్ చట్టం ఐడియాను కాపాడదు, దాన్ని మీరు రాసిన తీరునే కాపాడుతుంది. 1978లో నాటక రచయిత ఆర్.జి.ఆనంద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చి చెప్పింది.

అందుకే కనీసం సీన్ ఆర్డరైనా (ఏ సీన్ తర్వాత ఏ సీన్ వస్తుందో చెప్పే వరుస) రాసి, పేజీ నంబర్లు వేసి, తెలుగు సినీ రచయితల సంఘంలో గానీ, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో గానీ రిజిస్టర్ చేయించే ప్రయత్నం చేయండి. సెకండాఫ్ మారిస్తే ఆ వెర్షన్‌ను మళ్లీ చేయించాలి.

ఇంకొకటి, నాకు బాగా పనికొచ్చింది. కథ చెప్పి వచ్చిన రాత్రే, ‘ఈరోజు మీకు ఈ కథ వినిపించాను, సినాప్సిస్ జత చేస్తున్నాను, విన్నందుకు థాంక్స్’ అని మెయిల్ పెట్టండి. తప్పుగా అనుకుంటారేమోనని మొదట్లో నాకూ టెన్షన్‌గానే ఉండేది. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎవరికి, ఏ రోజు, ఏం చెప్పారో తేదీతో సహా మీ దగ్గర ఉండిపోతుంది.

కథ ఓకే అయితే అడ్వాన్స్ చెక్కు చూసిన సంతోషంలో అగ్రిమెంట్‌పై గబగబా సంతకం పెట్టకండి. కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, మీరు రాసిచ్చే హక్కులు ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. రీమేక్, డబ్బింగ్ హక్కుల గురించి, టైటిల్స్‌లో మీ పేరు గురించి విడివిడిగా రాయించుకోండి.