పొదుగుకొచ్చిన పెట్టను మళ్లీ గుడ్లకు తేవడం ఎలా?

నాటుకోడి పెట్ట కొన్ని గుడ్లు పెట్టిన తరువాత గంప విడవకపోవడం, చేయి పెడితే ఈకలు నిక్కించి పొడవడం, రోజుకొక్కసారి దిగి నాలుగు గింజలు ఏరుకొని, దుర్వాసనతో పెద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కి కూర్చోవడం పొదుగుకు వచ్చిన గుర్తులు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వెలువడే ప్రొలాక్టిన్ అనే హార్మోను రక్తంలో పెరగడమే ఇందుకు కారణం. పశువులలో పాల ఉత్పత్తికి తోడ్పడేదీ ఇదే. పావురాలు పిల్లలకు పట్టే గొంతుసంచి పాలు కూడా దీనివల్లే ఊరుతాయి. 1933లో అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్ బృందం ఆ పక్షులపై ప్రయోగాలు చేసి ఈ హార్మోనుకు పేరు పెట్టింది.

ఈకలు రాలిన పొట్ట చర్మానికి గుడ్లు, గూడు తగులుతున్నంత కాలం ప్రొలాక్టిన్ ఎక్కువగానే ఉంటుంది. అది ఎక్కువగా ఉన్నంత కాలం అండాశయాన్ని నడిపే హార్మోన్లు అణగి, గుడ్లు ఆగిపోతాయి. అందువల్ల గుడ్లు మాత్రమే తీసేస్తే చాలదు, పెట్ట ఖాళీ గంపలోనైనా కూర్చుంటుంది. గుర్తులు కనబడిన రోజే దానిని గంప నుంచి తీసి, నేలకు ఎత్తుగా నిలిపిన, అడుగున తీగవల ఉన్న బోనులో పెట్టాలి. గడ్డి, ఊక వేయరాదు. పొట్టకు కింది నుంచి గాలి తగలాలి, వెలుతురు బాగా ఉండాలి. మేతకు, నీటికి మాత్రం లోటు చేయరాదు. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం వంటి పాత పద్ధతులు ఉత్త హింస.

మూడు నాలుగు రోజుల తరువాత వదిలి చూడాలి. మంద వెంట మేతకు పోతే పని అయినట్టే. నేరుగా గంప వైపు నడిస్తే మరో రెండు రోజులు బోనులోనే ఉంచాలి. ముడుచుకుపోయిన అండాశయం మళ్లీ ఎదగాలి కనుక మొదటి గుడ్డు రావడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో పెట్ట చెడిపోయిందనుకొని కూరకు అమ్మేవారు చాలామంది, అది తొందరపాటు.

పిల్లలే కావాలనుకుంటే ఇదంతా అనవసరం: చీకటి పడ్డాక పది, పన్నెండు తాజా గుడ్లు కింద పెట్టి, 21 రోజులు దాని మానాన దానిని వదిలేయాలి. తరతరాలుగా పొదగని పెట్టలనే ఏరి పెంచడం వల్ల పొదిగే గుణం దాదాపు పోయిన వైట్ లెగ్‌హార్న్ అనే గుడ్ల జాతి కోళ్ల నుంచి మాత్రం ఇది ఆశించరాదు. వాటి గుడ్లనైనా నాటుపెట్ట కిందే పెట్టాలి.