లోకల్ కళా కార్యక్రమాలు, దేశం వార్తలు కలిపి వారం రౌండప్ ఎలా రాయాలి

ముందు కార్యక్రమాలతోనే మొదలుపెట్టండి, దేశం వార్తలు ఎలాగూ ఫోన్‌లో కనబడతాయి గానీ పక్క వీధి హాల్లో శనివారం నాటకం ఉందన్న సంగతి మీరు చెప్తేనే జనానికి తెలుస్తుంది. ఒక్కో ఈవెంట్‌కి తేదీ, వారం, టైమ్, వేదిక, టికెట్టా ఫ్రీనా, వీల్‌చైర్ లోపలికి వెళ్తుందా, ఇవన్నీ ఉండాల్సిందే. తేదీని క్యాలెండర్‌తో తప్పకుండా సరిచూసుకోండి, ఒకసారి పోస్టర్ మీద 14 శనివారం అని ఉంటే చూసుకోకుండా అలాగే వేసేశాను, తీరా 14 ఆదివారం, పాపం జనం ఒకరోజు ముందే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి తాళం వేసిన గేటు ముందు నిలబడ్డారు, ఆ బాధ నాకింకా పోలేదు. అప్పట్నుంచి నిర్వాహకులకి ఫోన్ చేయనిదే ఒక్క లైను కూడా వేయను.

పోస్టర్‌లోని పొగడ్తలు ఎత్తి పెట్టొద్దు. ఎవరు ఆడుతున్నారు, ఎంతసేపు, చిన్నపిల్లలు కూర్చోగలరా, అది చెప్పండి.

దేశం వార్తలు మూడో నాలుగో చాలు. కళాకారులకి నేరుగా తగిలేవి పైన పెట్టండి, సాంస్కృతిక శాఖ బడ్జెట్, టికెట్ల మీద పన్ను, కాపీరైట్ చట్టంలో మార్పు లాంటివి. అంకెలుంటే అసలు ప్రకటన తెరిచి చూడాలి, ఇంకోటి, బిల్లు ప్రవేశపెట్టారంటే చట్టం అయిపోయినట్టు కాదు, ఈ తేడా చాలామంది వదిలేస్తారు.

ఫోటో వాడితే తీసినవాళ్లని అడిగి పేరు వేయండి. తర్వాత వేదిక మారితే గుట్టుగా దిద్దేయకుండా ఆ మాట అన్నిటికంటే పైన రాయండి, బయల్దేరేముందు చూసేది అక్కడే.