పాత గేమ్ లైసెన్స్‌ను స్టీమ్‌లోకి మార్చుకోవడం ఎలా?

డబ్బా ఉంది, డిస్క్ ఉంది, మాన్యువల్ వెనక అంటించిన కీ, అంటే గేమ్ కొన్నారని చూపే కోడ్ కూడా ఉంది. కొత్త కంప్యూటర్‌కు మాత్రం డిస్క్ డ్రైవే లేదు. లేదంటే గేమ్‌ను ఏళ్ల కిందట డెవలపర్ వెబ్‌సైట్‌లోనే కొన్నారు, ఇప్పుడు స్నేహితులంతా వాల్వ్ కంపెనీ ఆన్‌లైన్ గేమ్ స్టోర్ అయిన స్టీమ్‌లో ఆడుతున్నారు. అదే గేమ్‌కు మళ్లీ డబ్బు పెట్టాలా? చాలా సందర్భాల్లో అక్కర్లేదు. పెట్టక తప్పని సందర్భాలూ ఉన్నాయి. మీది ఏ రకమో తేల్చుకోవడం, తొందరపడి కీని పోగొట్టుకోకుండా పని పూర్తి చేయడం ఎలాగో చూద్దాం.

డ్రైవ్ ఒకటి కొని తగిలించినా పాత డిస్కులన్నీ ఆడవు. సేఫ్‌డిస్క్ అనే పాత కాపీ రక్షణ ఉన్న గేమ్‌లకు విండోస్ 10 నుంచి మద్దతు తీసేశారు. సెక్యూరామ్ పాత వెర్షన్లకూ అదే గతి. డిస్క్ మీద గీత కూడా పడలేదు, అయినా గేమ్ తెరుచుకోదు. అలాంటి గేమ్‌కు డిజిటల్ కాపీయే సరైన దారి.

ముందుగా ఒక్క మాట: మారేది ఫైల్స్ కాదు

స్టీమ్‌లో 'యాడ్ ఎ గేమ్' నొక్కితే 'యాడ్ ఎ నాన్-స్టీమ్ గేమ్' అనే ఆప్షన్ కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. అది నొక్కగానే గేమ్ లైబ్రరీలో చేరుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అక్కడ చేరింది ఒక షార్ట్‌కట్ మాత్రమే. రేపు కంప్యూటర్ మారిస్తే స్టీమ్ నుంచి ఆ గేమ్ డౌన్‌లోడ్ కాదు, అచీవ్‌మెంట్లు రావు, స్టీమ్‌లో కొన్న డీఎల్‌సీ (గేమ్‌కు విడిగా అమ్మే అదనపు భాగం) దానికి అతకదు.

లైసెన్స్ మారడమంటే, మీరు గేమ్ కొన్నారన్న సంగతిని పబ్లిషర్ ఒప్పుకుని, అదే హక్కును మీ కొత్త అకౌంట్ పేరు మీద రాయడం. ఒప్పుకోవాల్సింది వాళ్లు. అందుకే ఒక గేమ్‌కు రెండు నిమిషాల్లో అయ్యే పని, ఇంకో గేమ్‌కు ఎంత తిరిగినా కాదు.

మొదటి అడుగు: మీ గేమ్‌కు దారి ఉందో లేదో చూడండి

దారులు ప్రధానంగా మూడు రకాలు.

ఒకటి, డబ్బాలోని కీ నేరుగా పనిచేయడం. స్టీమ్ 2003 సెప్టెంబరులో మొదలైంది. అంతకు అయిదేళ్ల ముందు, 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ డబ్బాలోని సీడీ కీని కూడా స్టీమ్‌లో నమోదు చేసుకునే వీలు వాల్వ్ కల్పించింది. తర్వాత కాలంలో వచ్చిన చాలా డబ్బాల్లో డిస్క్ ఉన్నా లోపలి కీ స్టీమ్ కీయే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో స్టీమ్ అకౌంట్ కావాలని రాసి ఉంటే మీ పని సగం అయినట్టే. డయాబ్లో 2, వార్‌క్రాఫ్ట్ 3 లాంటి బ్లిజర్డ్ గేమ్‌ల కీలు చేరాల్సిన చోటు ఆ కంపెనీ సొంత సర్వీసైన బ్యాటిల్.నెట్ అకౌంట్, స్టీమ్ కాదు. కీ ఏ కంపెనీదో ఆ కంపెనీ తలుపే ముందు తట్టాలి.

రెండోది, అకౌంట్‌కు అకౌంట్ కలపడం. ఇందులో కీతో పనే లేదు. ఫాక్టోరియో గేమ్‌నే తీసుకోండి. దాన్ని డెవలపర్ సైట్‌లో కొన్నవాళ్లు అదే సైట్‌లోని తమ ప్రొఫైల్‌కు స్టీమ్ అకౌంట్‌ను కలిపితే గేమ్ స్టీమ్‌లోకి కూడా వస్తుంది, సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకునే హక్కూ పోదు. అన్ని కంపెనీలూ ఇలాగే ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. బెథెస్డా అనే గేమ్ కంపెనీ తన లాంచర్‌ను (గేమ్‌లు కొని, తెరిచే సొంత యాప్‌ను) మూసేసినప్పుడు కూడా ఇదే పద్ధతి పెట్టింది. 2022 ఏప్రిల్ 27 నుంచి గేమ్‌లనూ వాలెట్‌లోని డబ్బునూ స్టీమ్‌కు మార్చుకోనిచ్చింది, మే 11న లాంచర్‌ను ఆపేసింది.

మూడోది, సపోర్ట్‌కు రాసి అడగడం. సైట్‌లో ఎక్కడా బటన్ కనిపించకపోయినా, కొన్న రసీదు చూపిస్తే కీ పంపే చిన్న డెవలపర్లు ఉన్నారు. ఏ సైట్‌లో, ఏ ఈమెయిల్‌తో, ఎప్పుడు కొన్నారు, ఆర్డర్ నంబర్ ఎంత, ఇప్పుడు ఏం కావాలి అన్నది నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు.

ఈ మూడింటిలో ఏదీ లేకపోతే లేనట్టే. ఒక స్టోర్‌లో కొన్నది ఇంకో స్టోర్ ఇచ్చి తీరాలన్న నియమం ఏమీ లేదు. స్టీమ్‌లో ఉన్న కొన్ని గేమ్‌లను ఉచితంగా తన దగ్గర కూడా ఇచ్చే పథకాన్ని జీఓజీ అనే ఇంకో గేమ్ స్టోర్ 2016లో మొదలుపెట్టింది, ఇప్పుడు అదీ లేదు.

దారి కనిపిస్తే మాత్రం రేపటికి వాయిదా వేయకండి. మైన్‌క్రాఫ్ట్ గేమ్‌ను తయారుచేసిన మొజాంగ్ కంపెనీ పాత అకౌంట్లను మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు మార్చుకోవడానికి 2023 సెప్టెంబరు 19 వరకు గడువిచ్చారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లే, తర్వాత చూద్దాంలే అని ఊరుకుని గేమ్ పోగొట్టుకున్నారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

రెండో అడుగు: కీని సరిగ్గా చదవండి

చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. స్టీమ్ కీ సాధారణంగా 5 అక్షరాల చొప్పున 3 ముక్కలుగా ఉంటుంది. పాత కీలు వేరే పొడవుల్లో ఉండొచ్చు, కొన్నిటిలో అంకెలే ఉంటాయి.

నా దగ్గరున్న ఒక స్ట్రాటజీ గేమ్ మాన్యువల్ మీద కీ సగం చెరిగిపోయింది. రెండో ముక్కలో మూడో అక్షరాన్ని 8 అనుకుని కొట్టాను. తప్పు కీ అంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. చివరికి గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చ్‌ను కాగితానికి ఆనించినట్టుగా పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీశాను. దాన్ని పెద్దది చేసి చూస్తే ఆ అక్షరానికి ఎడమ వైపు వంపు లేదు, నిలువు గీత ఉంది. అది బి. సిరా పోయినా అచ్చు నొక్కిన గుర్తు కాగితంలో మిగిలే ఉంది. పై నుంచి పడే వెలుతురులో అది కనిపించదు, పక్కనుంచి పడితేనే నీడ తేలుతుంది. బి, 8 ఒక్కటే కాదు. ఓ, సున్నా ఒకటిలా ఉంటాయి. ఎస్, 5 కూడా అంతే. ఐ, 1, ఎల్ మూడూ అంతే. అనుమానం ఉన్న అక్షరం కింద పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని, ఒక్కోసారి ఒక్క అక్షరమే మార్చి చూడండి.

ఇంకో జాగ్రత్త. 'మీ కీ పనిచేస్తుందో లేదో చెక్ చేస్తాం' అని పిలిచే సైట్లలో కీని టైప్ చేయొద్దు. కీ చూసినవాళ్లు మీకంటే ముందు వాడేసుకోగలరు. అమ్మకానికి పెట్టే ఫొటోల్లో, వీడియోల్లో కూడా కీ కనిపించకూడదు.

మూడో అడుగు: పాత గేమ్‌ను తీసేసే ముందు సేవ్ ఫైల్స్ దాచుకోండి

లైసెన్స్ మారుతుంది, మీరు ఆడిన ఆట దానంతట అది రాదు. వంద గంటలు కట్టిన నగరం పాత ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. విండోస్‌లో ముందుగా వెతకాల్సింది 'డాక్యుమెంట్స్'లోని 'మై గేమ్స్' ఫోల్డర్. అక్కడ లేకపోతే 'సేవ్డ్ గేమ్స్', ఆపైన 'యాప్‌డేటా' చూడండి. యాప్‌డేటా దాచి ఉంచే ఫోల్డర్ కాబట్టి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైల్స్ కనిపించేలా పెట్టుకోవాలి. బాగా పాత గేమ్‌లైతే ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌లోనే సేవ్ చేస్తాయి. అలా చేయడానికి విండోస్ ఒప్పుకోనప్పుడు ఆ ఫైల్స్ యాప్‌డేటా లోపల 'వర్చువల్‌స్టోర్'లోకి వెళ్తాయి. ఫైల్ మీద ఉన్న తేదీ మీరు చివరిసారి ఆడిన రోజుతో కలిస్తే దొరికినట్టే. ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

ఇన్ని కంప్యూటర్లలోనే ఇన్‌స్టాల్ చేయాలన్న పరిమితి ఉన్న గేమ్‌లు ఉన్నాయి. 2008లో వచ్చిన స్పోర్‌కు మొదట 3 కంప్యూటర్ల పరిమితి పెట్టారు, గోల అయ్యాక 5 చేశారు. అలాంటి గేమ్‌లో పాత కంప్యూటర్‌ను ఆ లెక్కలోంచి తీసేసే 'డీయాక్టివేట్' లాంటి ఆప్షన్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందే వాడండి.

నాలుగో అడుగు: అకౌంట్ ఎవరిదో చూసుకుని కీ కొట్టండి

కీ ఒక్కసారే పడుతుంది. పడిన అకౌంట్ నుంచి దాన్ని ఇంకో అకౌంట్‌కు మార్చలేం. నేను ఒకసారి తమ్ముడి కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరి లాగిన్ తెరిచి ఉందో చూడకుండా కీ కొట్టేశాను. ఆ గేమ్ ఈ రోజుకీ వాడి లైబ్రరీలోనే ఉంది. అప్పటినుంచి స్క్రీన్ మీద కుడివైపు పైన ఉన్న పేరు చదవకుండా కీ జోలికి వెళ్లను. మీరూ ఆ పేరు ఒకసారి చదవండి.

తర్వాత స్టీమ్ కిటికీలో ఎడమ వైపు కింద 'యాడ్ ఎ గేమ్' నొక్కి, 'యాక్టివేట్ ఎ ప్రోడక్ట్ ఆన్ స్టీమ్' ఎంచుకోండి. షరతులకు ఒప్పుకున్నాక కీ అడుగుతుంది. పెట్టెలో కీ రాసి ముందుకు వెళ్తే గేమ్ లైబ్రరీలోకి వస్తుంది. స్టీమ్ యాప్ లేకపోయినా స్టీమ్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ఇదే పని చేయొచ్చు. ఎపిక్, జీఓజీ, ఈఏ లాంటి ఇతర గేమ్ స్టోర్ల యాప్‌లలో దీన్ని 'రిడీమ్ కోడ్' అంటారు, అకౌంట్ మెనూలో దొరుకుతుంది.

బయట కొన్న కీకి స్టీమ్ డబ్బు వాపసు ఇవ్వదు. గేమ్ నచ్చకపోయినా, నడవకపోయినా కొన్న చోటే అడగాలి.

ఎర్రర్ వస్తే

చెల్లని కీ అంటే రెండు అర్థాలు. తప్పుగా కొట్టి ఉండాలి, లేదా అది అసలు స్టీమ్ కీయే కాదు. టెన్షన్ పడి వరసపెట్టి కొడుతూ పోతే, మరీ ఎక్కువసార్లు ప్రయత్నించారని స్టీమ్ ఆపేస్తుంది. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ చూడండి. మీ ప్రాంతంలో ఈ కీ పనిచేయదని వస్తే, అది వేరే దేశంలో అమ్మడానికి ఇచ్చిన కీ అని అర్థం. అమ్మినవాళ్లను అడగడమే దారి.

అసలు చిక్కు 'డూప్లికేట్ ప్రోడక్ట్ కోడ్' దగ్గర వస్తుంది. ఆ కీని ఇప్పటికే వేరే అకౌంట్‌లో వాడారన్నమాట. ముందు మీ పాత అకౌంట్లు గుర్తు చేసుకోండి. చదువుకునే రోజుల్లో ఏ ఈమెయిల్‌తోనో తెరిచిన అకౌంట్‌లో ఆ గేమ్ ఉండొచ్చు. అలా కాదు, డబ్బా మీదే, కీ ఇంకెవరో వాడారు అనుకుంటే స్టీమ్ సపోర్ట్‌కు టికెట్ (ఫిర్యాదు) పెట్టండి. కీ ముద్రించిన అసలు కాగితం మీదే, కీ పక్కన, టికెట్ నంబర్‌ను పెన్నుతో రాసి ఫొటో తీసి పంపమని అడుగుతారు. కాగితం మీ చేతిలోనే ఉందని చూపించడానికి అది. కంప్యూటర్‌లో ఎడిట్ చేసి నంబర్ చేర్చిన ఫొటో పనికిరాదు. సేకరణ కోసం దాచుకున్న మాన్యువల్ మీద రాయడానికి చేయి రాదు, నాకు తెలుసు. అయినా రాయాల్సిందే.

అయిదో అడుగు: ఇన్‌స్టాల్ చేసి, సేవ్ తిరిగి పెట్టండి

పాత గేమ్ ఫైల్స్ ఇంకా ఉంటే మొత్తం డౌన్‌లోడ్ చేయక్కర్లేకపోవచ్చు. ఇన్‌స్టాల్ మొదలుపెట్టి వెంటనే ఆపండి. స్టీమ్‌ను పూర్తిగా మూసేసి, 'స్టీమ్‌యాప్స్' లోపలి 'కామన్' ఫోల్డర్‌లో ఆ గేమ్ పేరుతో ఏర్పడిన ఫోల్డర్‌లోకి పాత ఫైల్స్ కాపీ చేసి, మళ్లీ తెరిచి కొనసాగించండి. ఉన్నవాటిని సరిచూసుకుని తక్కువైనవే దించుకుంటుంది. ఇది ఈ మధ్య కొన్న గేమ్‌లకు బాగా కుదురుతుంది. ఇరవై ఏళ్ల నాటి డిస్క్ ఫైల్స్‌కూ స్టీమ్ వెర్షన్‌కూ పోలికే ఉండదు కాబట్టి వాటిని కొత్తగా దించుకోవడమే మేలు.

గేమ్‌ను ఒకసారి తెరిచి, మెనూ వరకు వెళ్లి మూసేయండి. సేవ్ ఫోల్డర్ తయారవుతుంది. దాచుకున్న ఫైల్స్ అందులో పెట్టండి. తర్వాత తెరిచినప్పుడు క్లౌడ్‌లో (స్టీమ్ తన సర్వర్లలో దాచే కాపీలో) ఉన్నదీ కంప్యూటర్‌లో ఉన్నదీ వేరుగా ఉన్నాయి, ఏది ఉంచాలని స్టీమ్ అడగొచ్చు. ఇక్కడ కంప్యూటర్‌లో ఉన్నదాన్నే ఎంచుకోండి. క్లౌడ్ అని నొక్కితే మీ పాత ఆట మీద ఖాళీ ఆట వచ్చి కూర్చుంటుంది. పెన్‌డ్రైవ్‌లోని కాపీని అప్పుడే తుడిచేయకండి.

విడిగా కొన్న డీఎల్‌సీలకు విడి కీలు ఉంటాయి, వాటినీ ఇలాగే ఎక్కించాలి. మోడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసి పంచే మార్పులు) మాత్రం ఒక్కొక్కటిగా, ఆట మామూలుగా నడుస్తోందని చూసుకున్నాకే వేయండి.

అంతా అయ్యాక డబ్బాను, కీ కాగితాన్ని పారేయొద్దు. ఏ అకౌంట్‌లో, ఏ తేదీన ఎక్కించారో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. ఎప్పుడైనా ఎవరైనా మీ స్టీమ్ అకౌంట్‌ను కొట్టేస్తే, అది మీదేనని నిరూపించుకోవడానికి సపోర్ట్‌వాళ్లకు మీరు చూపించగలిగే ఆధారాల్లో ఆ కాగితం ఒకటి.