కిలైనీ కొండను క్వారీ వైపు నుంచి ఎక్కండి

ఐర్లండ్ రాజధాని డబ్లిన్ నగరానికి దక్షిణాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న కిలైనీ కొండ ఎత్తు సుమారు 150 మీటర్లే కనుక, నడక అలవాటున్నవారు ఎవరైనా ఒక పూటలో ఎక్కి దిగవచ్చు. శిఖరానికి చేరువలో కారు ఆపుకునే చోటు ఉన్నప్పటికీ, ఈ కొండను తెలుసుకోవాలనుకునేవారు రైలులో వచ్చి, పాత రాతి క్వారీ మీదుగా నడిచి వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

నగరం మధ్యలో దక్షిణానికి వెళ్లే డార్ట్ రైలు ఎక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే, బూటర్స్‌టౌన్ నుంచి సముద్రం కనిపిస్తుంది. సుమారు అరగంటలో వచ్చే డాకీ స్టేషన్‌లో దిగి, ఊరి మీదుగా ఆర్డ్‌బ్రూ రోడ్డు పట్టుకుని పైకి నడిస్తే క్వారీ చేరుకుంటారు. 1817లో పని మొదలైన డన్ లియరీ ఓడరేవుకు గ్రానైటు ఇక్కడి నుంచే వెళ్లింది. తెగిన రాతిని దగ్గరగా చూడండి, అందులోని కాకిబంగారం రేకులు ఎండకు తళుక్కుమంటాయి. అంచులకు మాత్రం పిల్లలను వెళ్లనీయవద్దు.

క్వారీ పక్కనున్న మెట్లెక్కితే డాకీ కొండ మీది పాత సంకేత బురుజు వస్తుంది, అక్కడి నుంచి చెట్ల నడుమ బాట కిలైనీ శిఖరానికి చేరుస్తుంది. వసంతంలో దారి పక్కన గోర్స్ పొదలు పసుపుపచ్చగా విరబూస్తాయి. ఆ పువ్వు దగ్గర ముఖం పెడితే అచ్చం కొబ్బరి వాసన వస్తుంది, కానీ కొమ్మల నిండా ముళ్లే కనుక చేయి వేయకండి.

శిఖరాన మొన తేలిన ఎత్తయిన కట్టడం ఉంటుంది. సముద్రం వైపు తిరగకముందే దాని మీది శాసనం చదవండి. 1740-41లో విపరీతమైన చలికి పంటలు పోయి ఐర్లండ్‌లో ఎందరో ఆకలితో చనిపోయారు, ఆ తరువాత పేదలకు కూలి దొరకాలని జాన్ మాపస్ అనే భూస్వామి ఈ కట్టడాన్నీ, కొండ మీది బాటలనూ వేయించాడని, 1742 జూన్ నాటి ఆ శాసనం చెబుతుంది. మన వైపు కరువు పనులుగా తవ్విన చెరువుల గురించి పెద్దలు చెప్పగా విన్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం సందర్భంగా 1887లో ఈ కొండను ప్రజలందరికీ పార్కుగా తెరిచారు.

ఇప్పుడు చుట్టూ చూడండి. ఉత్తరాన డబ్లిన్ అఖాతం, దాని అవతల హోత్ ద్వీపకల్పం, కింద డాకీ ద్వీపం, దక్షిణాన వంపు తిరిగిన తీరం చివర బ్రే హెడ్ కొండ, దాని పక్కగా లోపలికి షుగర్ లోఫ్ శిఖరం కనిపిస్తాయి. గాలి ఎప్పుడూ గట్టిగా వీస్తుంది కనుక వేసవిలోనైనా జాకెట్ వెంట ఉంచుకోవాలి.

దిగేటప్పుడు వచ్చిన దారినే పట్టకుండా, వీకో రోడ్డు వైపు మెట్లు దిగండి. వాన వెలిసిన రోజున అవి జారుతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. ఆ రోడ్డు వెంట దక్షిణంగా నడిస్తే, సముద్రపు ఒడ్డునే ఉన్న కిలైనీ స్టేషన్‌లో తిరుగు రైలు దొరుకుతుంది.